ఒప్పించడమా, మెప్పించడమా?

పాండవోద్యోగ విజయాల్లో రాయబారం సీను చూడని తెలుగువాడు ఒక తరం కిందటి దాకా అరుదు. తిరుపతి వేంకట కవుల పద్యాల్ని చదువు రాని రైతులు కూడా కంఠతా పట్టారు. మా సాయిబుల ఇళ్లలోంచి కూడా గోనెపట్టా చంకన పెట్టుకొని తెల్లవార్లూ నాటకం చూసొచ్చినవాళ్లున్నారు. ఆ సీనులో ఒక తమాషా వుంది. కృష్ణుడు మాట్లాడాల్సింది కౌరవులతో. వచ్చింది సంధికి గదా! కానీ పద్యం ఎత్తుకోగానే నటుడు కౌరవసభను వదిలేసి ముందు వరస జనం వైపు తిరుగుతాడు. రాగం సాగదీస్తాడు. 'వన్స్‌మోర్' అని కేక పడగానే మళ్లీ అదే పద్యం. అంతసేపూ దుర్యోధనుడి వేషగాడు మీసం సవరించుకుంటూ ఓపిగ్గా నిలబడాలి. సంధి కుదరదని కృష్ణుడికి తెలుసు, దుర్యోధనుడికి తెలుసు, టికెట్టు కొన్నవాడికీ తెలుసు. అక్కడికెవరూ సంధి కోసం రాలేదు. పద్యం కోసం వచ్చారు.

నాటకంగా దాన్ని తప్పుపట్టడానికేం లేదు. ముషాయిరాలోనూ అంతే. షాయర్ తన మాషూఖాతో మాట్లాడుతున్నట్టే చదువుతాడు, దాద్ మాత్రం శామియానా కింద కూచున్నవాళ్ల నుంచి తీసుకుంటాడు. అది కళ. ఇబ్బందల్లా ఈ పద్ధతి రాజకీయ చర్చలోకి వచ్చి కూచున్నప్పుడే. ఎదుటివాణ్ణి ఒప్పించడం ఒక పని. చూస్తున్నవాణ్ణి మెప్పించడం ఇంకో పని. మొదటిది జరగాలంటే ఎదుటివాడి మాట వినాలి, అందులో నిజమెంతో ఒప్పుకోవాలి, మన మాట కొంత సడలించుకోవాలి. రెండోదానికి ఇవేమీ అక్కర్లేదు. పైగా అడ్డం. ఒప్పుకుంటే ఓడిపోయినట్టు కనిపిస్తుంది.

ఈ దేశంలో ముస్లిం గురించి జరిగిన పెద్ద చర్చలన్నీ దాదాపు రెండో రకానివే. ముస్లిం ఆ చర్చల్లో మాట్లాడేవాడిగా ఎంత వున్నాడో, ఆడించబడే వేషంగా అంతకన్నా ఎక్కువ వున్నాడు. దీన్ని సాహిత్య విమర్శ చదివే కళ్లతో చదవాలని నా ఉద్దేశం. పాత్రలెవరు, రంగస్థలం ఎవరు కట్టారు, ప్రేక్షకులెవరు, టికెట్టు డబ్బు ఎవరికి పోయింది అని అడగాలి.

టీవీ సంగతే తీసుకోండి. 1993లో 'ఆప్ కీ అదాలత్' మొదలైనప్పుడు అది కొత్తగా అనిపించింది. నాయకుణ్ణి బోనులో నిలబెట్టి ప్రశ్నించడం, చుట్టూ జనం, పైన జడ్జి. రాజకీయానికి కోర్టు సెట్టింగు వేసిన ప్రోగ్రాం అది. ఆ కోర్టులో తీర్పు వల్ల ఎవరికీ ఏమీ కాదు. బోనెక్కినవాడు ఒక చమత్కారం విసిరితే చప్పట్లు, ఇంకోటి విసిరితే నవ్వులు, చివరికి నిర్దోషి. తర్వాత పదేళ్లకు తెలుగులోనూ ఇరవైనాలుగు గంటల వార్తా ఛానళ్లొచ్చాయి. బోను పోయి కిటికీలొచ్చాయి. తెర మీద ఆరు కిటికీలు, ఆరు తలకాయలు, అన్నీ ఒకేసారి అరుస్తుంటాయి.

ఆ కిటికీల్లో మనకు కేటాయించిన వేషాలు రెండే. ఒకటి గడ్డం, టోపీ వున్న మౌలానా. ఆయన కోపంగా వుండాలి, తెలుగో ఇంగ్లీషో సరిగ్గా రాకపోతే మరీ మంచిది. రెండోది 'మంచి ముస్లిం'. మౌలానాను తిట్టడమే ఈయన పని. నాకు తెలిసిన ఒక ఉర్దూ టీచరుకు ఒక ఛానల్ నుంచి ఫోనొచ్చింది. వక్ఫ్ భూముల మీద ఏళ్ల తరబడి రికార్డులు పోగేసిన మనిషి. ఫోన్లో ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న, 'సార్, మీకు గడ్డం వుందా?' లేదన్నాడు. మళ్లీ ఫోన్ రాలేదు. సర్వే నంబర్లు తెలిసినవాడు ఆ నాటకంలో ఇమడడు. ఆ కంపెనీకి అవసరమైంది దుర్యోధనుడు. పద్యం వాళ్ల దగ్గర ముందే వుంది.

దీనికి తగినట్టే ప్రశ్నలు. 'ఖండిస్తారా లేదా? అవునా కాదా చెప్పండి.' ఇది ప్రశ్న కాదు, పరీక్ష. సమాధానం ఏదైనా నష్టమే. ఖండిస్తే ఇంతకాలం ఎందుకు ఖండించలేదంటారు. ఖండించకపోతే చూశారా అని జనం వైపు తిరుగుతారు. 2022 మే నెలాఖర్లో జ్ఞానవాపి మీద ఒక జాతీయ ఛానల్ పెట్టిన చర్చలో కేంద్రంలో అధికారంలో వున్న పార్టీ ప్రతినిధి ప్రవక్త గురించి అన్న మాటలు గల్ఫ్ దేశాల దాకా పోయాయి. జూన్ 5న పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది. జూన్ 10న రాంచీ నిరసనలో తుపాకీ గుండ్లకు ఇద్దరు ముస్లిం కుర్రాళ్లు పోయారు. అదే నెల 28న ఉదయ్‌పూర్‌లో ఒక హిందూ దర్జీని ఇద్దరు ముస్లింలు అతని దుకాణంలోనే దారుణంగా చంపారు. చచ్చిపోయినవాళ్లలో ఒక్కరూ ఆ చర్చలో పాల్గొన్నవాళ్లు కారు. యాంకర్లను ఉద్దేశించి సుప్రీంకోర్టు 2023 జనవరిలో గట్టిగానే మాట్లాడింది. అయినా మర్నాడు సాయంత్రం కిటికీలు తెరుచుకోకుండా లేవు.

ఇదంతా టీవీ చేసిన పాపం అనుకుంటే పొరపాటు. టీవీ లేని కాలంలోనూ మన మాటకు ముందు ఒక సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. 1949 మే 25, 26 తేదీల్లో రాజ్యాంగ సభలో మైనారిటీలకు చట్టసభల్లో రిజర్వుడు సీట్లు వుండాలా వద్దా అన్న చర్చ చదవండి. వద్దని ప్రతిపాదించింది సర్దార్ పటేల్. మద్రాసు నుంచి వచ్చిన ముహమ్మద్ ఇస్మాయిల్ ప్రత్యేక ప్రాతినిధ్యం వుండాలని సవరణ పెట్టాడు. సభలోని ఏకైక ముస్లిం మహిళ బేగం ఐజాజ్ రసూల్ లేచి, ఈ సీట్లు మనల్ని మెజారిటీ నుంచి శాశ్వతంగా విడదీసే ఆయుధం, మనకే తగులుతుంది అన్న అర్థంలో మాట్లాడింది. లారీ మధ్యేమార్గంగా, ఒక నియోజకవర్గం నుంచి కొందరు ఎన్నికయ్యేలా, ఓట్లు కూడబెట్టి వేసుకొనేలా ఒక పద్ధతి అడిగాడు. ఈ ముగ్గురి వాదనల్లోనూ సరుకుంది. ముఖ్యంగా లారీ అడిగింది ఇప్పుడైనా కూచొని ఆలోచించదగ్గ సంగతి. కానీ దేశం రెండుగా చీలి ఇంకా రెండేళ్లు నిండలేదు. ముస్లిం సభ్యుడు ఏం మాట్లాడినా సభ వింటున్నది వాదనను కాదు, విధేయతను. ఎవరి వాదన బాగుందో కాదు, ఎవరు 'మనవాడు' అయ్యాడో చూశారు. సీట్లు పోయాయి. తర్వాత ముస్లింల ప్రాతినిధ్యం పార్టీల దయ మీద ఆధారపడింది. అయినా ఒక మాట చెప్పాలి. ఆ చర్చ మొత్తం అచ్చులో మిగిలింది. ఓడినవాడి వాదన కూడా మాట పోకుండా వుంది. ఇప్పుడు మిగిలేది అర నిమిషం ముక్క. అందులో ఒకడు అరుస్తుంటాడు, ఇంకొకడు నోరు తెరిచి వుంటాడు.

షాబానో కేసు దగ్గరికొస్తే ఈ నాటకం నిండుగా కనిపిస్తుంది. ఇండోర్‌లో ఒక వకీలు భార్య ఆమె. పెళ్లి 1932లో. నలభై ఏళ్లు దాటిన కాపురం తర్వాత ఇంట్లోంచి గెంటేశాడు. 1978లో ఆమె నెలకు 500 ఇప్పించమని కోర్టుకెళ్తే, అదే ఏడాది నవంబర్లో తలాక్ చెప్పేశాడు. మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలిమ్మన్నాడు. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. భర్త సుప్రీంకోర్టుకెక్కాడు. 1985 ఏప్రిల్ 23న అయిదుగురు జడ్జీలు ఆయన అప్పీలు కొట్టేశారు. ఇంతవరకు ఇది ఒక ముసలామె తిండి ఖర్చుల తగాదా. తీర్పు అక్కడితో ఆగివుంటే బాగుండేది. ఉమ్మడి పౌరస్మృతి ఇంకా కాగితం మీదే వుండిపోయిందన్న విచారం కూడా అందులో చేరింది. అంటే కోర్టు కూడా షాబానో మీంచి తల ఎత్తి వెనక వరసల వైపు చూసింది.

ఇక మిగతావాళ్లు ఆగుతారా? ముస్లిం లీగ్ సభ్యుడు బనాత్‌వాలా లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టాడు. ముస్లిం స్త్రీలను 125వ సెక్షన్ నుంచి తప్పించమని. 1985 ఆగస్టు 23న మంత్రి ఆరిఫ్ మొహమ్మద్ ఖాన్ తీర్పును సమర్థిస్తూ గొప్ప ఉపన్యాసం చేశాడు. ఖురాన్ నుంచే ఆధారాలు తెచ్చాడు. కొన్నాళ్లకు అదే ప్రభుత్వంలో మంత్రి జియావుర్ రహ్మాన్ అన్సారీ లేచి అదే తీర్పును చెండాడాడు. ఒకే కేబినెట్, ఇద్దరు మంత్రులు, ఇద్దరూ ముస్లింలు. ఇది అభిప్రాయభేదమని ఎవరైనా అంటే అమాయకత్వమే. ఒక ప్రేక్షకుల కోసం ఒక పద్యం, ఇంకో ప్రేక్షకుల కోసం ఇంకో పద్యం. 1986 ఫిబ్రవరి 1న ఫైజాబాద్ జిల్లా కోర్టు ఆదేశంతో బాబ్రీ మసీదు తాళాలు తెరిచారు. అదే నెలాఖర్లో ముస్లిం మహిళల బిల్లు సభలోకొచ్చింది. ఆరిఫ్ రాజీనామా చేశాడు. మేలో చట్టమైంది. రెండు వైపులా 'వన్స్‌మోర్' పడ్డాయి.

మరి షాబానో? ఊళ్లో ఊపిరాడని ఒత్తిడి మధ్య తీర్పు తనకొద్దని బహిరంగ లేఖ మీద వేలిముద్ర వేసింది. లాయర్లు, మౌలానాలు, మంత్రులు, సంపాదకులు అందరూ ఆమె తరఫున మాట్లాడారు. ఆమెకు మిగిలింది వేలిముద్ర. 1992లో చనిపోయింది. మన మతపెద్దలు ఆ రోజుల్లో లక్షలాది మందిని వీధుల్లోకి తెచ్చారు. 'ఇస్లాం ఖత్రేమే హై' అన్నారు. ఆ లక్షల్లో మనిషికో పైసా వేసినా ఆమెకు ఎన్నేళ్లు గడిచేదో లెక్క కట్టలేమా? మా కౌమ్ పెద్దల్ని ఈ ప్రశ్న అడిగితే మాకు హిందుత్వ రంగు పులుముతారు. అడక్కపోతే మా అక్కచెల్లెళ్ల మొహం చూడలేం.

తర్వాత జరిగింది ఇంకా ఆలోచించాల్సింది. షాబానో తరఫు వకీలు దానియల్ లతీఫీ ఆ 1986 చట్టాన్నే సవాలు చేశాడు. 2001 సెప్టెంబర్లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందంటూనే, దానిలోని మాటలకే కొత్త అర్థం చెప్పింది. ఇద్దత్ గడువు లోపల ఇవ్వమన్నది మూడు నెలల తిండికి మాత్రమే కాదు, ఆమె ముందు బతుకంతటికీ సరిపోయేలా ఏర్పాటు చేయాలన్నది. చట్టం తెచ్చినవాళ్లు దేన్ని తప్పించబోయారో అదే చట్టంలోంచి తిరిగొచ్చింది. ఊరేగింపులు లేవు, దిష్టిబొమ్మలు లేవు. 2024 జూలై 10న మళ్లీ, ఈసారి మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ 125వ సెక్షన్ కింద కూడా భరణం అడగొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. భార్యకు నెలకు పదివేలు ఇమ్మన్న హైకోర్టు ఉత్తర్వు మీద భర్త వేసుకున్న అప్పీలది. ముప్పై తొమ్మిదేళ్లకు మాట మొదలైన చోటికే వచ్చింది. రెండు రోజులు కిటికీల్లో అరుపులు నడిచాయి. ఫ్యామిలీ కోర్టులో వాయిదాలెన్ని, ఉత్తర్వు వచ్చాక డబ్బు చేతికి ఎలా రావాలి, వకీలు ఫీజు ఎక్కడినుంచి తేవాలి, వీటి మీద చర్చ పెట్టినవాళ్లు నాకైతే కనబడలేదు.

మధ్యలో 2019 జూలై 30. రాజ్యసభలో 99కి 84 ఓట్లతో తలాక్ బిల్లు గెలిచింది. మూడు తలాక్‌లు ఒక్కసారే చెప్తే చెల్లవని 2017లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. చెల్లని మాట అన్నందుకు మూడేళ్ల జైలు. జైల్లో వున్నవాడు భరణం ఎక్కడ తెచ్చిస్తాడని అడిగిన స్త్రీలున్నారు. ఆ ప్రశ్న అడిగిన స్త్రీకి కిటికీ దొరకదు. ఎందుకంటే ఆమె మౌలానా కాదు, 'మంచి ముస్లిం' కూడా కాదు. ఆమెది మూడో వేషం. దానికి డైలాగులు రాసి లేవు.

సరే, ఇదంతా మెజారిటీ రాజకీయం చేసిందే అని మనం చేతులు దులుపుకోగలమా? సభను మెప్పించే విద్యలో మా చరిత్ర తక్కువదేం కాదు. బహదూర్ యార్ జంగ్ ఉపన్యాసం విన్నవాళ్లు ఆ ఉర్దూ గురించి ముసలితనంలో కూడా కళ్లు మూసుకొని చెప్పేవారు. 1944లో ఆయన చిన్న వయసులోనే పోయాడు. తర్వాత రెండేళ్లకు అదే మజ్లిస్ వేదిక ఖాసిం రజ్వీ చేతికొచ్చింది. లాతూర్ వకీలు. ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా అన్న మాటలు ఆయన పేరు మీదే తిరిగాయి. ఆ మాటలకు దారుస్సలాంలో నారాలు మిన్నంటాయి. ఆ మాటలు ఢిల్లీని ఒప్పించడానికి కావు, భయపెట్టడానికి కూడా నిజానికి పనికిరావు. అవి వింటున్నవాళ్ల కోసం. 1948 ఆగస్టులో షోయబుల్లా ఖాన్ అనే ఇరవై ఏడేళ్ల సంపాదకుణ్ణి నడిరోడ్డు మీద నరికేశారు. తన 'ఇమ్రోజ్' పత్రికలో ఉర్దూలోనే, ముస్లింల కోసమే, రజాకార్ల దారి తప్పని రాశాడు. ఆయనకు వేదిక లేదు, నారాలు లేవు. అప్పటికి నెల తిరక్కుండా పోలీస్ యాక్షన్. చంపబడినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఎక్కువమంది మరాఠ్వాడా, బీదర్ వైపు పల్లెల్లో వుండే ముస్లింలు. వాళ్లలో రజ్వీ ఉపన్యాసం చెవులారా విన్నవాళ్లు ఎంతమంది? రజ్వీ జైలు నుంచి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. పల్లెల్లో మిగిలిన విధవలకు వెళ్లడానికి ఎక్కడా లేదు. ఇప్పటికీ జల్సాల్లో ఒక నాయకుడు సవాలు విసిరినప్పుడు సీటీలు కొట్టే మా కుర్రాళ్లకు ఈ లెక్క చెప్పేవాళ్లు కావాలి. ఆ సవాలు ముక్క మర్నాడు అవతలి పార్టీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. రెండు గుంపులకూ ఒకే ముక్క పనికొస్తుంది.

లౌకిక మిత్రులకూ ఒక మాట. 1992 డిసెంబర్ 6 తర్వాత తెలుగు సాహిత్య సభల్లో ముస్లిం కవికి కుర్చీ దొరికింది. సంతోషం. కానీ ఆ కుర్చీ తరచూ ఏడవడానికే. గాయం గురించి చదివితే హాలంతా నిశ్శబ్దం, తర్వాత చప్పట్లు. అదే కవి లేచి, మీ పార్టీ కమిటీలో ముస్లింలెందరు, మీ అభ్యుదయ నవలల్లో సాయిబు ఎందుకు జట్కా తోలేవాడిగానో రౌడీగానో మాత్రమే వున్నాడు అని అడిగితే 'సమయాభావం వల్ల' అంటూ చీటీ వస్తుంది. మా కన్నీళ్లకు 'వన్స్‌మోర్' కొట్టడం కూడా మెప్పు వ్యవహారమే. వాదించండి మాతో. తప్పుంటే తప్పనండి. చప్పట్లు కొట్టి పంపించేయకండి.

ప్రదర్శన అంటేనే చెడ్డదని నేననడం లేదు. అంటే షేక్ నాజర్ ఆత్మ నన్ను క్షమించదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు దూదేకుల బిడ్డ. ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథను ఒక ఆయుధంగా మలిచాడు. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. పల్నాటి యుద్ధం నడుస్తుండగా రాజకీయపు వంత కథను ఆపి, ఇవాళ్టి బియ్యం ధరెంతో, ఊళ్లో దొర ఏం చేస్తున్నాడో అడుగుతాడు. కథకుడు జవాబు చెప్పాలి. జనం మధ్యలో అందుకుంటారు. అది కూడా జనాన్ని మెప్పించే కళే, కాని తేడా వుంది. బుర్రకథ దళం ఆ రాత్రి ఆ ఊళ్లోనే పడుకోవాలి. తప్పుడు మాట చెప్తే పొద్దున్నే నిలదీసేవాళ్లుంటారు. స్టూడియోలో కూచున్నవాడు ఏ ఊళ్లోనూ పడుకోడు. నాజర్ తన ఆత్మకథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్నాడు. జనం తిట్టుగా వాడే మాటను అట్ట మీద వేసుకున్నాడు.

ఆ పేర్ల దగ్గరికే వస్తున్నా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలకు 2004లో ఒకసారి, 2005లో ఇంకోసారి 5 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. రెండుసార్లూ హైకోర్టు కొట్టేసింది. మొత్తం మతానికి ఇస్తున్నామన్నట్టు మాట్లాడితే సభల్లో బాగుంటుంది, కోర్టులో నిలవదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా దారి మార్చారు. వెనకబాటును పని పేరుతో, కులం లాంటి సమూహం పేరుతో లెక్క తీశారు. 14 సమూహాలు, 4 శాతం, బీసీ-ఇ. దాన్నీ 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది గాని, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో అది నిలబడింది. ఆ ఉత్తర్వు మీదే ఇన్నేళ్లుగా మన పిల్లలు ఇంజనీరింగులో, మెడిసిన్‌లో సీట్లు తెచ్చుకున్నారు. 2017 ఏప్రిల్లో తెలంగాణ అసెంబ్లీ దాన్ని 12 శాతం చేస్తూ బిల్లు పాస్ చేసింది. కాగితం ఢిల్లీ దాటి రాలేదు. 2023, 2024 ఎన్నికల సభల్లో ఆ వున్న 4 శాతమూ తీసేస్తామన్నారు. ఎవరి సభలో వాళ్లకు చప్పట్లు.

ఈ గొడవ మీద ఒక సాయంత్రం టీవీలో చర్చ మొత్తం కూచొని చూశాను. 'మత రిజర్వేషన్లు' అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మధ్యలో మానేశాను. ఆ చర్చలో బీసీ-ఇ జాబితా ఎవరూ చదవలేదు. అచ్చుకట్ల, అత్తరు సాయిబులు, ముస్లిం ధోబీ, ఫకీరు, గారడి, హజామ్, ఖురేషీ, గుడ్డి ఎలుగువాళ్లు, తురక కాశ. ఒక్కో పేరు వెనక ఒక్కో పని వుంది. చాకలి పని, మంగలి పని, రాళ్లు కొట్టే పని, ఎలుగుబంటిని ఆడించే పని. ఆ పేర్లు పలికితే యాంకర్ అడిగే మొదటి ప్రశ్నే మారిపోతుంది. మంగలి పనికి మతమేమిటని అవతలి కిటికీలోని బీసీ నాయకుడే అడగొచ్చు. అప్పుడు ఆ కిటికీకీ ఈ కిటికీకీ మధ్య నిజంగా మాట మొదలవుతుంది, కార్యక్రమం చప్పబడిపోతుంది.

పిలిస్తే వెళ్లాలా వద్దా అని మా మిత్రుల్లో వాదన నడుస్తోంది. 2023 సెప్టెంబర్లో ప్రతిపక్షాల కూటమి 14 మంది యాంకర్ల షోలకు వెళ్లబోమని ప్రకటించింది. మేం అంత పెద్ద ప్రకటనలు చేయలేం, మమ్మల్ని అంతగా పిలిచేదీ లేదు. నా మట్టుకు నేను ఒక షరతు పెట్టుకున్నాను. ఆ జాబితా మొత్తం, 14 పేర్లూ, మధ్యలో ఆపకుండా చదవనిస్తే వస్తానంటున్నాను. చదవడానికి ఒక నిమిషం పట్టదు. ఇంతవరకు ఇద్దరు ఒప్పుకోలేదు. ఒకతను మాత్రం, 'అందులో వివాదం ఏముంది సార్?' అని చాలా మర్యాదగా అడిగాడు.